నూలుపోగు కళ్లెం

తూర్పు కొండల మీద ఎండ పడేసరికి నీలవేణీ నది ఒడ్డున ఉన్న అశ్వవాటిక బంగారు పళ్లెంలా వెలిగిపోయింది. చుట్టూ పొగడ చెట్లు గుండ్రంగా నిలబడి మెత్తని ఇసుక మీద పూలు రాల్చాయి. చలువరాతి తొట్లలో నది నీళ్లు గలగలా పారాయి. కుంకుమ రంగు గుర్రాలు, వెన్న రంగు గుర్రాలు, కారుమబ్బు రంగు గుర్రాలు మెడలు వంచి, వీపులు వదులు చేసి, అడుగుకీ అడుగుకీ కొలత తప్పకుండా నడుస్తున్నాయి. ఇంతటి వైభవం మధ్య నెత్తిన జీను పెట్టుకుని, చెమటలు కారుస్తూ, బయలు చుట్టూ కాలినడకన తిరుగుతున్నవాడు శంఖగిరి రాజ్యపు చిన్న రాకుమారుడు అరిందముడు.

అతను రాకుమారుడన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియదు లెండి. గుర్రాల వర్తకుడి దగ్గర పనివాడినని, పేరు సోమన్న అని చెప్పి చేరాడు. శంఖగిరి పేరెత్తితే అశ్వసాహిణి మాచమ గుమ్మం తొక్కనివ్వదు మరి.

సాహిణి అంటే గుర్రాలకీ, గుర్రం ఎక్కేవాళ్లకీ కూడా పెత్తందారు. మాచమ ఆ పెత్తనాన్ని ఏ రోజూ దాచుకోలేదు. ముక్కున రవ్వల బేసరి, చేతుల నిండా కంకణాలు, పక్కన వెండి తాంబూలపు పెట్టె, తల మీద తెల్లని గొడుగు. చిన్నా చితకా రాజులు ఆమె ముందు నిలబడే మాట్లాడేవారు. ఆమె అశ్వవాటికలో ఒక ఆచారం ఉంది. పగ్గాలు నేరుగా కళ్లేనికి కట్టరు. మధ్యలో ఒంటి నూలుపోగుతో ముడివేస్తారు. రౌతు చెయ్యి కాస్త మొరటుగా లాగిందా, పోగు పుటుక్కున తెగుతుంది. తెగితే రౌతు దిగాలి, జీను విప్పి తన నెత్తిన పెట్టుకోవాలి, గుర్రాన్ని పక్కన నడిపించుకుంటూ బయలంతా చుట్టి రావాలి. చేరిన కొత్తలో అరిందముడు జీను మీద కూర్చున్న సేపు కన్నా జీను మోసిన సేపే ఎక్కువ.

"మళ్లీ తెంపావా, సోమన్నా?" మాచమ వక్క కొరుకుతూ అడిగింది.

"పోగు మరీ సన్నగా ఉందమ్మా!"

"పోగు సన్నగానే ఉంటుంది. నీ చెయ్యే రోకలిలా ఉంది. గుర్రం నోరేమన్నా బావి గిలకా, అలా లాగుతావు? నడుముతో చెప్పు. ఊపిరితో చెప్పు. చేత్తో చెప్పేది అన్నిటికన్నా ఆఖరి మాట."

"నడుముతో చెబితే దానికి తెలుస్తుందా?"

"ఈగ వాలితే చర్మం విదిలించే జంతువయ్యా అది. నీ అంత బరువు వీపు మీద కదిలితే తెలియదనుకున్నావా? తిరుగు, ఇంకో చుట్టు తిరుగు. అలా అడిగినందుకు."

అరిందముడు పళ్లు నూరుకుంటూ తిరిగాడు. శంఖగిరిలో అతన్ని మించిన రౌతు లేడు. ఆ మాట అతనే చెప్పుకునేవాడు గాని, అబద్ధం మాత్రం కాదు. అంతటివాడు ఈ అవమానాన్ని దిగమింగడానికి కారణం అతని మెడలో వేలాడుతోంది. అది అన్నగారు యువరాజు భద్రసేనుడి ముత్యాల హారం.

మాయావి క్రథనుడు యువరాజుని ఎత్తుకుపోయి, కరాళదుర్గం నడిబొడ్డున, సింహశిలా ప్రాంగణంలో ఒక దిమ్మె మీద నిలబెట్టాడు. ఆనాటి నుంచి భద్రసేనుడు పాదాల దగ్గర మొదలై పైకి పైకి రాయిగా మారుతున్నాడు. రాయి పైకి పాకినకొద్దీ హారంలో ముత్యాలు నల్లబడుతున్నాయి. చివరి ముత్యం కూడా నల్లబడిందంటే యువరాజు మనిషిగా మిగలడు. ఆ ప్రాంగణంలో మరో రాతిపలక కింద మరో సింహమై పడుకుంటాడు.

అక్కడ ప్రతి పలక కిందా ఒక సింహం నిద్రపోతోంది. ఒకప్పుడు అవన్నీ మనుషులే. పలక మీద మనిషి కాలు పడితే అవి లేస్తాయి. గుర్రపు డెక్క తడబడినా లేస్తాయి. తాళం తప్పని డెక్కల చప్పుడు మాత్రం వాటికి జోలపాట. ఈ సంగతి తెలిసి కూడా మహారాజు చండకీర్తి, "దౌడు తీయించండి! సింహాలు లేచేలోపు దాటెయ్యండి!" అంటూ రౌతుల దండుల్ని ఒకదాని వెనక ఒకటి పంపాడు. ఒక్కడూ తిరిగి రాలేదు. మాచమ దగ్గర విద్య నేర్చుకుని వెళతానని అరిందముడు అడిగితే నవ్వి కొట్టిపారేశాడు. పూర్వం ఆ మహారాజుకి గుర్రం కనిపిస్తే చాలు, నాలుకతో 'టొక్ టొక్' మనిపించి దగ్గరికి పిలిచి ముద్దు చేసేవాడు. పెద్దకొడుకు పోయాక ఆ చప్పుడే మానేశాడు. తండ్రి దుఃఖంతో ఇలా మారిపోయాడని సరిపెట్టుకుని, అరిందముడు చెప్పాపెట్టకుండా బయల్దేరి వచ్చాడు.

వానలు వెలిశాయి. నది తేటపడింది. అరిందముడి చెయ్యి మెత్తబడింది. పోగు తెగకుండా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా గడిపిన రోజున మాచమ తన సొంత గుర్రాన్ని తెచ్చి ఇచ్చింది. దాని పేరు తుమ్మెద. నల్లని ఆడగుర్రం, నుదుట తెల్లని చుక్క, కళ్లలో బోలెడంత పెంకితనం.

అక్కడి నుంచి అసలు చదువు మొదలైంది. ముందు తాళం. నడకలోనైనా పరుగులోనైనా డెక్కల చప్పుడులో ఎగుడు దిగుడు ఉండకూడదు. తర్వాత వీపు వదులు కావాలి. బిగుసుకున్న గుర్రం భయపడిన గుర్రం, భయపడిన గుర్రం ఎవరి మాటా వినదు. ఆ తర్వాత వెనక కాళ్లు కడుపు కిందికి తెచ్చుకుని బరువు మొయ్యాలి, ముందు కాళ్లు తేలిక కావాలి. తుమ్మెదకి ఇవన్నీ వచ్చు. రానిది అరిందముడికే. అతను కుడి తుంటి మీద కాస్త వాలితే అది కుడికి అడ్డంగా అడుగులు వేసేది. ఊపిరి బిగపడితే ఆగిపోయేది. మనసులో కోపం పెట్టుకుని ఎక్కితే చెవులు వెనక్కి పెట్టి, కదలనే కదలను పొమ్మనేది. చివరికి పరుగు లయని ఉన్నచోటనే నిలబెట్టడం నేర్చుకున్నాడు. తుమ్మెద ఒక్క జాన ముందుకు పోకుండా, కాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి దించుతూ నాట్యం చేస్తుంటే, పొగడ చెట్ల కింద గుర్రాలు తోముతున్న పనివాళ్లందరూ చేతిలో పని మాని చూశారు. అరిందముడి గుండె ఉప్పొంగింది. అన్నని తెస్తానన్న నమ్మకం అతనికి ఆ రోజే కలిగింది.

ఆ సాయంత్రం చూసుకుంటే హారంలో కంఠం దగ్గరి ముత్యాలు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, నేను వెళ్లాలి. తుమ్మెదని ఇప్పించండి," అని చేతులు జోడించాడు.

మాచమ తాంబూలం నములుతూ అతన్ని ఎగాదిగా చూసింది. "కరాళదుర్గానికేనా, రాకుమారా?"

అరిందముడు చప్పున మెడలోని హారాన్ని గుప్పిట్లో దాచుకున్నాడు.

"నువ్వొచ్చిన మొదటి రోజే తెలుసయ్యా. మెడలో యువరాజుల హారం వేసుకుని వచ్చి, నన్ను చూడగానే గుర్రాన్ని వెనక కాళ్ల మీద లేపబోయావు. పెద్దవాళ్లు కనబడితే గుర్రాన్ని అలా లేపి దండం పెట్టించే పిచ్చి శంఖగిరి వాళ్లకి తప్ప ఎవరికుంది? అశ్వప్రణామమట! మీ మర్యాదల కోసం ఎన్ని గుర్రాల నడుములు విరగ్గొట్టారో. అందుకే మీ రాజ్యం వాళ్లని రానివ్వను."

"మరి నన్నెందుకు ఉండనిచ్చారు?"

"జీను నెత్తిన పెట్టుకుని తిరిగావు గనక. మీ వాళ్లలో ఎవడూ ఒక్క చుట్టు కూడా తిరగలేదు." ఆమె లేచి తుమ్మెద నుదురు నిమిరింది. "రెండు మాటలు విను. ఈ నూలుపోగు కళ్లెంతోనే వెళ్లు. ఇనుము గలగలమంటే సింహాలు లేస్తాయి. ఇక పలకల సంగతి. పలక పగిలితే దాని కిందున్న వాడికి మాయ వీడుతుంది. కానీ ఆ చప్పుడుకి మిగతా సింహాలన్నీ ఒక్కసారే లేస్తాయి. అందుకని అక్కడ నీ వీరత్వాలు వద్దు. వెళ్లు, నా గుర్రాన్ని నాకు తెచ్చివ్వు. కావాలంటే మీ అన్నని కూడా తెచ్చుకో."

అరిందముడు నవ్వి, ఆమె పాదాలకి మొక్కి, తుమ్మెద వీపు మీదికి ఎగిరాడు.

గండభేరుండ పక్షులు కాపలా కాసే లోయని, కాళ్ల కింద ఊగిపోయే తాళ్ల వంతెన మీద నడకతో దాటాడు. పక్షులు రెక్కలతో కొడుతుంటే కత్తి కుడిచేత్తో తిప్పుతూ, నూలుపోగు ఎడమచేత్తో పట్టుకుని దాటాడు. మాయాటవిలో చెట్ల కొమ్మలు చేతులై పట్టుకోబోతే తుమ్మెద అడ్డంగా, వాలుగా, మళ్లీ అడ్డంగా అడుగులేసి వాటి మధ్య నుంచి దారంలా జారిపోయింది. కరాళదుర్గం కోటగుమ్మం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. క్రథనుడు హోమశాలలో కూర్చునే వేళ అది.

సింహశిలా ప్రాంగణం చూసి అరిందముడికి కళ్లు చెదిరాయి. నాలుగు దిక్కులా పచ్చరాతి స్తంభాలు, వాటిని అల్లుకున్న వెండి లతలు, లతలకి పూసిన పగడపు పూలు. నేలంతా తేనె రంగు పలకలు. ఆ నునుపులో మబ్బులు కూడా కనిపిస్తున్నాయి. నట్టనడుమ జీను ఎత్తున ఒక దిమ్మె, దాని మీద కంఠం దాకా రాయైపోయిన భద్రసేనుడు.

అరిందముడు ఊపిరి నిదానంగా వదిలాడు. తుమ్మెద మొదటి పలక మీద డెక్క పెట్టింది. కింద నుంచి గుర్రుమని ఒక మూలుగు వచ్చింది. రెండో డెక్క, మూడో డెక్క అదే కొలతలో పడ్డాయి. మూలుగు గురకగా మారింది. ఒక పలక తర్వాత ఒక పలక, ఒక గురక తర్వాత ఒక గురక. ఎర్రని చార ఉన్న పలక ఒకటి తగిలింది. దాని కింద నుంచి గురక రాలేదు. సన్నగా 'టొక్ టొక్' మని వినిపించింది. తుమ్మెద చెవులు రెండూ అటు తిప్పింది. తన భ్రమే అనుకుని అరిందముడు ముందుకు సాగాడు.

దిమ్మె దగ్గర పడింది. అన్న కళ్లు కనిపించాయి. ఆ కళ్లలో నీళ్లు చూడగానే అరిందముడి ప్రాణం విలవిల్లాడింది. అంతే! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి యువరాజు ఎదుట చేసిన మర్యాద అతని తొడల్లో ఉంది. తెలియకుండానే మడమలు బిగిశాయి, నడుం వెనక్కి వాలింది. చెప్పిన మాట విన్న తుమ్మెద ముందు కాళ్లు రెండూ గాలిలోకి ఎత్తి నిలువునా లేచింది!

ఆ కాళ్లు దభీమని పడ్డాయంటే కథ ముగిసినట్టే. శంఖగిరి రౌతు అయితే పగ్గాలు లాగి ఉండేవాడు. అరిందముడు లాగలేదు. ఊపిరి వదిలి, బరువంతా కిందికి దింపి, తుమ్మెదని వెనక కాళ్ల మీదే కూర్చోబెట్టాడు. అది వణికింది. మెడ మీద చెమట పట్టింది. "దించు తల్లీ, మెల్లగా," అని గొంతులోనే అన్నాడు. తుమ్మెద ఒక డెక్కని దించింది, దాని వెనక రెండోది. నిండు కుండని నేల మీద పెట్టినట్టు పెట్టింది.

అయినా చుట్టూ పలకలు కదిలాయి. సందుల్లోంచి గోళ్లు బయటికొచ్చాయి. అరిందముడు ముందుకు పోలేదు, వెనక్కి తగ్గలేదు. ఉన్నచోటనే లయ అందుకున్నాడు. తుమ్మెద కాళ్లు ఎత్తి దించింది, ఎత్తి దించింది. గోళ్లు ఆగాయి. ఆవులింతలు వినిపించాయి. ఒక్కొక్క పంజా లోపలికి పోయి, పలకలు మళ్లీ సర్దుకున్నాయి. ఎంత గొప్ప మాయావి సింహాలైనా జోలపాటకి లొంగక తప్పలేదు.

గుర్రాన్ని అడ్డంగా నడిపించి దిమ్మె పక్కకి చేర్చాడు. రెండు చేతులా అన్నని కావలించుకుని, జీను వెనకకి ఎత్తి అడ్డంగా పెట్టుకున్నాడు. పాదాలు దిమ్మె వదలగానే భద్రసేనుడి కంఠం నుంచి రాయి కిందికి జారడం మొదలైంది. పెదవులు కదిలాయి గాని గొంతు ఇంకా పెగల్లేదు. కళ్లతో ఎర్ర చార పలకని చూపించాడు. తొందరగా పొమ్మంటున్నాడనుకున్నాడు తమ్ముడు. భుజాలు, చేతులు, నడుము మనిషివి కాగానే భద్రసేనుడు పక్కవాటుగా లేచి కూర్చుని తమ్ముడి నడుం పట్టుకున్నాడు. కాళ్లు మాత్రం ఇంకా రాళ్లే. రెండూ దూలాల్లా కుడివైపుకి చాపుకుని ఉన్నాయి. బరువు ఆ పక్కకి లాగుతుంటే అరిందముడు ఎడమ తుంటి మీద కూర్చుని సరిచేశాడు. తుమ్మెద గీత గీసినంత తిన్నగా నడిచింది.

చివరి వరస పలకలు వచ్చాయి. అవతల కోటగుమ్మం తెరిచే ఉంది. ఆ వరసలో, దారికి అడ్డంగా, రత్నకిరీటం పెట్టుకుని, బంగారు దట్టీ కట్టుకుని నిలబడి ఉన్నాడు మహారాజు చండకీర్తి!

"కుమారా! వచ్చావా?" అన్నాడు మహారాజు చేతులు చాచి. "తండ్రి ఎదుట నిలిచి అశ్వప్రణామం చెయ్యవేం? మర్యాద మరిచావా?"

అరిందముడి తొడలు జివ్వుమన్నాయి. మహారాజు ఎదుట గుర్రాన్ని లేపని రౌతుకి శంఖగిరిలో తల ఉండదు. వెనక నుంచి అన్న చేతులు కూడా బిగుసుకున్నాయి. పాపం, యువరాజు కాళ్లు రాళ్లు గాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ మడమలు ఈపాటికి తుమ్మెద డొక్కలో దిగేవి. అరిందముడి చూపు మహారాజు పాదాల మీద పడింది. మనిషి కాళ్లు రెండూ పలకలని నిండుగా తొక్కి ఉన్నాయి. కింద ఒక్క సింహమైనా మూలగడం లేదు.

"మర్యాద మరవలేదు. ఎవరికి చెయ్యాలో తెలిసింది," అన్నాడు అరిందముడు. నడక మార్చకుండా తుమ్మెదని నేరుగా ఆ బంగారు దట్టీ మీదికే నడిపించాడు.

మహారాజు పొగై విడిపోయాడు. ఆ పొగలోంచి క్రథనుడి నవ్వు స్తంభాలన్నీ మారుమోగేలా వినిపించింది.

"భేష్, రాకుమారా! ఇక్కడ నాకు దండం పెట్టని వాడివి నువ్వొక్కడివే. అక్కడ మీ కొలువులో అందరూ రోజూ నాకే పెడుతున్నారు. దౌడు తీయించమని ఆజ్ఞ ఇచ్చిందెవరనుకున్నావు? వెళ్లు, వెళ్లు. మీ ఇంట్లోనే కలుసుకుందాం!"

గుమ్మం మీద ఇనుప తలుపు కరకరమంటూ దిగడం మొదలైంది. తుమ్మెద ముందు డెక్క గడప దాటింది. అప్పుడు భద్రసేనుడి గొంతు పెగిలింది.

"తమ్ముడూ... వాడు చెప్పింది నిజం. నాన్నగారిని నాతోపాటే తెచ్చాడు. నా కళ్ల ముందే ఆ ఎర్ర చార పలక కిందికి..."

'టొక్ టొక్'. గుర్రాన్ని ముద్దు చేసే ఆ చప్పుడు. చిన్నప్పుడు తండ్రి ముందు జీను మీద కూర్చుని విన్న చప్పుడు. భ్రమ అనుకుని దాని మీది నుంచే నడిచి వచ్చాడు అరిందముడు. తలుపు కిందికి వస్తోంది, అవతల వెలుతురు సన్నబడుతోంది. ఇప్పుడు వెళితే అన్నదమ్ములిద్దరూ బతికి బయటపడతారు.

అతను పగ్గం లాగలేదు. తుంటి తిప్పాడు. తుమ్మెద వెనక కాళ్ల మీదనే గిరుక్కున తిరిగి, వచ్చిన దారినే, వచ్చిన లయలోనే నడిచింది. వెనకాల ఇనుప తలుపు నేలకి తగిలింది. ఆ దెబ్బకి సింహాలు కసిరాయి, డెక్కల తాళం విని మళ్లీ ఒత్తిగిల్లాయి.

ఎర్ర చార పలక ముందు తుమ్మెద తనంతట తనే ఆగి, తల వంచి ముక్కుతో రాతిని తాకింది. కింద నుంచి 'టొక్' మని ఒక్కసారి వినిపించింది.

"అన్నా, నా నడుం గట్టిగా పట్టుకో."

"ఏం చేస్తున్నావురా? పలక పగిలితే అన్నీ లేస్తాయి!"

"లేవనీ!" అరిందముడు కత్తి దూసి, పళ్లతో పగ్గం పట్టుకున్నాడు. పట్టిన పళ్ల మధ్య నుంచే నవ్వాడు. "నాన్నగారికి దండం పెట్టి చాలా రోజులైంది."

మడమలు బిగించి, నడుం వెనక్కి వాల్చాడు. తుమ్మెద ఈసారి ఆకాశమంత ఎత్తు లేచింది. నూలుపోగు తెగలేదు.